దారంతో కుట్టించిన ఆన్‌లైన్ చదువు

మా తోడికోడలు ఆన్‌లైన్ డిగ్రీలో చేరిన రోజు ఇంట్లో తనకంటే నేనే ఎక్కువ సంబరపడ్డాను. ఆ సంబరంలో నా వాటా ఎంతో, తన వాటా ఎంతో అప్పుడు చూసుకోలేదు. ఇప్పుడు వంట చేస్తున్నా, బట్టలు ఆరేస్తున్నా అదే గుర్తొస్తుంది.

మాది ఐనవిల్లి మండలంలో కాలవ పక్కనున్న ఊరు, ఇల్లు కొబ్బరితోట మధ్యలో. అన్నదమ్ములిద్దరూ గల్ఫ్‌లో ఉంటారు. మా ఆయన కువైట్‌లో డ్రైవరు, మరిది మస్కట్‌లో ఒక కంపెనీలో పని. ఇంట్లో నేనూ, తనూ, పిల్లలూ. తను ఇంటర్ పాసై పెళ్ళి చేసుకుని ఈ ఇంటికి వచ్చింది. ఆదివారం చర్చిలో సండే స్కూలు పిల్లలకు కథలు చెబుతుంటే, పెద్దవాళ్ళు కూడా గుమ్మంలో నిలబడి వినేవారు. అది చూసే దగ్గర్లోని ప్రైవేటు స్కూలువాళ్ళు పిలిచి ఆరో తరగతికి సోషల్ చెప్పమన్నారు. అయితే హెడ్మాస్టరుగారు ముందే ఒక షరతు పెట్టారు. డిగ్రీలో చేరి, మొదటి సెమిస్టరు పాసైనట్టు కాగితం చూపిస్తే ఆ తరగతి తనదే. లేకపోతే జూన్‌లో డిగ్రీ ఉన్నవాళ్ళకు ఇచ్చేస్తారు. స్కూలు మానకుండా చదవాలంటే ఆన్‌లైన్ తప్ప వేరే దారి లేదు.

నాకు పదో తరగతితోనే చదువు ఆపేశారు. కానీ చదవడం ఎవరూ ఆపలేకపోయారు. కొత్తపేటలో పుట్టింటి దగ్గర ఉన్నప్పుడు లైబ్రరీ తలుపు తీసేసరికి మెట్ల మీద నేనుండేదాన్ని. పెళ్ళయ్యాక అమలాపురం లైబ్రరీలో కార్డు తీసుకున్నాను. చరిత్ర, ప్రయాణాలు, ఆరోగ్యం, వ్యవసాయం, ఏ బీరువాలో పుస్తకాన్నీ వదల్లేదు. పక్కన డిక్షనరీ పెట్టుకుని ఇంగ్లీషు కూడా నేర్చుకున్నాను. పకోడీ పొట్లం విప్పితే పకోడీ చల్లారేదాకా ఆ కాగితం చదివే రకాన్ని. ఊళ్ళో ఎవరికైనా ఇంగ్లీషులో కాగితం వస్తే నా దగ్గరకే తెస్తారు. అంచేత చదువు విషయంలో నాకు తెలియనిది ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు.

యూనివర్సిటీవాళ్ళు ఇచ్చిన పేజీని మొదటిసారి అమలాపురంలో మాకు తెలిసిన జిరాక్స్ షాపులో తెరిచాం. ఎడమ పక్కన పాఠాల వరస ఉంది. ఒక్కో పాఠం కింద నాలుగు భాగాలున్నాయి. మేడమ్ చెప్పే వీడియో, చదువుకోవడానికి పాఠ్యం, విద్యార్థులు రాసుకునే చర్చ, చివర చిన్న పరీక్ష. ఆ నాలుగింటిలో చదువు అనదగ్గది ఒక్కటే అనుకున్నాను నేను. పాఠ్యం. మొదటి వీడియో కొంచెం చూశాను. మేడమ్ చెబుతున్నది కింద పాఠ్యంలో ఉన్నదే. రాసి ఉన్నదాన్ని ఇంకొకరు చదివి వినిపించడం ఎందుకనిపించింది. చర్చ అన్నది చూస్తే అందరూ ఒకరికొకరు గుడ్ మార్నింగులు చెప్పుకుంటున్నారు.

"ఈ పాఠాలన్నీ కాగితం మీదకు తీసెయ్యండి" అన్నాను షాపాయనతో.

"అన్నీనా అక్కగారూ? ఇవి ఫోన్లో చూసుకునేవండి."

"వేలితో పైకి తోసుకుంటూ పోతే చదువు ఎక్కడ నిలుస్తుందండీ? పైగా మా తోటలో సిగ్నలు దైవాధీనం. పుస్తకం చేసెయ్యండి."

"స్పైరల్ వేసెయ్యమంటారా?"

"వద్దండి. దారంతో కుట్టించి అట్ట వేయించండి. తెరిస్తే తెరిచినట్టు ఉండాలి."

ఆయన నవ్వి పని మొదలుపెట్టారు. కాసేపటికి మళ్ళీ తల తిప్పి, "మొదట్లో విద్యార్థులకు సూచనలని ఒక ఫైలుందండి. ఇదీ తియ్యనా?" అని అడిగారు.

"అందులో పాఠం ఏముంటుందండి? కాగితం దండగ."

మా తోడికోడలు నా చీర కొంగు మెల్లిగా లాగింది. "అదీ ఉంటే మంచిదేమోనండి అక్కా."

"నువ్వూరుకో. పుస్తకాల సంగతి నాకు తెలుసు."

"ఆయ్" అంది తను. అదే తన అలవాటు. పెద్దదాన్నని నా మాటకు ఎదురు చెప్పదు.

పకోడీ కాగితం చదివే మనిషిని ఆ ఒక్క కాగితం వద్దన్నాను.

పుస్తకం చాలా బాగా వచ్చింది. ఎర్ర కాలికో గుడ్డ అట్ట, లైబ్రరీ పుస్తకంలాగే. తను దాన్ని బ్యాగులో వేసుకుని స్కూలుకి వెళ్ళేది. ఆటోలో చదివేది, మధ్యాహ్నం అన్నం తిన్నాక చదివేది, పిల్లలు పరీక్ష రాస్తుంటే చదివేది. ఇంటికొచ్చాక పాఠం చివర ఉన్న ప్రశ్నలకు తెల్ల కాగితాల మీద జవాబులు రాసేది. నేను దిద్దేదాన్ని. దానికోసం ఎర్ర పెన్ను కొన్నాను. ఇది చెప్పడానికి ఇప్పటికీ నాకు సిగ్గే. జవాబు సరిగ్గా ఉన్నచోట టిక్కు పెట్టి, కింద మార్కులు వేసి, సంతకం కూడా పెట్టేదాన్ని.

పక్కింటి పెద్దమ్మగారు గోడ మీంచి చూసి నవ్వేవారు. "ఏవమ్మా, తోడికోడళ్ళు కాలేజీ పెట్టేరా? ఫీజెంతమ్మా?"

"మీకైతే ఊరికేనండి" అనేదాన్ని నేను.

"నాకెందుకమ్మా, నా కళ్ళకి మీ గేదె కూడా రెండుగా కనపడతాంది."

"మరి పాలు ఒక్క గేదెవే వస్తున్నాయండి" అనేది మా తోడికోడలు, కాగితం మీంచి తల ఎత్తకుండానే. ఆవిడ పకపకా నవ్వేవారు.

ఆ సాయంత్రాలు చాలా బాగుండేవి. నిజం చెప్పాలంటే, అవి తన చదువు కోసం ఎంతో నా కోసం కూడా అంతే. ఎవరూ పంపని కాలేజీకి నేను మాస్టరుగా వెళ్తున్నట్టుండేది.

తన ఫోను అద్దం పగిలి ఉండటం వల్ల చేరేటప్పుడు నా నంబరే ఇచ్చాం. కొన్నాళ్ళకు దానికి మెసేజ్‌లు రావడం మొదలైంది. బ్యాంకు వాళ్ళవీ, రీచార్జి వాళ్ళవీ, బట్టల దుకాణం వాళ్ళవీ వచ్చేచోటే ఇవీ వచ్చేవి. మీరు ఈ వారం పాఠం తెరవలేదు. మీ చిన్న పరీక్ష గడువు రేపటితో ముగుస్తుంది. మొదటిది చదివినప్పుడు నవ్వొచ్చింది. తెరవకపోవడమేమిటి, పక్క గదిలో గొంతెత్తి చదువుతోంది కదా అనుకున్నాను. బట్టల దుకాణం కూడా అలాగే రాస్తుంది, మీరు మమ్మల్ని మరిచిపోయారా అని. జనాన్ని తమ దగ్గరకు లాక్కోవడానికి యంత్రాలు రాసే రాతలు అన్నీ ఒకటే అని తేల్చేసి, వేలితో పక్కకు తోసేశాను. తర్వాత వచ్చినవి సగమే చదివాను. తనకు ఒక్కటీ చెప్పలేదు. చెబితే కంగారు పడి పుస్తకం పక్కన పెడుతుందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. చెబితే ఎర్ర పెన్ను నా చేతిలో ఉండదని లోపల ఎక్కడో తెలుసేమో. తెలుసో లేదో ఇప్పుడు ఎంత వెతుక్కున్నా తేలడం లేదు.

పరీక్షలు దగ్గరపడ్డాక హాల్ టికెట్టు తీయించుకుందామని మళ్ళీ ఆ షాపుకే వెళ్ళాం. తను పుస్తకం కూడా వెంట తెచ్చుకుంది. షాపాయన పేజీ తెరిచి, కళ్ళజోడు సరిచేసుకుని, మళ్ళీ చూశారు.

"అమ్మా, మీరు దీన్లోకి వెళ్ళలేదా ఎప్పుడూ?"

"వెళ్ళేం కదండీ, మీ దగ్గరే" అంది తను.

"అదొక్కసారేనండి చూపిస్తాంది. వీడియోలు చూసినట్టు లేదు, పరీక్షలు రాసినట్టు లేదు. ఎంత చదివేరో చూపించే గీతంతా ఎర్రగానే ఉందండి. హాల్ టికెట్టు రాదంటాంది."

తను బ్యాగులోంచి పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. ఆ పుస్తకాన్ని చూస్తే కంప్యూటరు మనసు మార్చుకుంటుందన్నట్టు. "అన్నీ చదివేనండి. చివరిదాకా."

ఆయన పాపం నొచ్చుకుంటూనే ఇంకొంచెం కిందకి చూశారు. "వీళ్ళు చాలాసార్లు మెసేజ్‌లు కూడా పంపేరండి. ఇదిగో, ఈ నంబరుకి."

అది నా నంబరు. తను నా వైపు చూడలేదు. తెర మీద ఉన్న అంకెలనే చూస్తూ నిలబడింది.

పేజీలో కోర్సు మేడమ్‌ది ఫోన్ నంబరు ఉంటే అక్కడి నుంచే చేశాం. షాపాయన ఫోను స్పీకర్లో పెట్టి, మాకు కుర్చీలు జరిపి, బయటకెళ్ళి నిలబడ్డారు. మేడమ్ గొంతు మెత్తగానే ఉంది. వీడియోలో నేను కాసేపు విని ఆపేసిన గొంతే.

నేను అంతా చెప్పాను. ప్రింటు తీయించడం, పుస్తకం కుట్టించడం, జవాబులు రాయించడం. ఆవిడ మధ్యలో ఆపకుండా విన్నారు.

"అమ్మాయికి ఫోను ఇవ్వండి" అన్నారు. తర్వాత తనతో, "డిమాండ్ వ్యాకోచత్వం అని పాఠం ఉంది కదమ్మా, పుస్తకంలో మాటలు కాకుండా మీ మాటల్లో చెప్పండి" అన్నారు.

తను గొంతు సవరించుకుంది. "అంటే ధర మారితే వాడకం ఎంత మారుతుందో చూడటమండి. ఉప్పు ధర రెండింతలైనా మా ఇంట్లో కూరలో ఉప్పు తగ్గదండి. అదే కొబ్బరిబోండాం ధర పెరిగిందనుకోండి, రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు మజ్జిగ తాగేసి వెళ్ళిపోతారండి. ఉప్పుకి అది తక్కువ, బోండానికి ఎక్కువ. అయితే ఇంట్లో జ్వరం మనిషి ఉంటే బోండాం కూడా ఉప్పు లాంటిదైపోతుందండి, ఎంతన్నా కొంటాం."



"ఆ చివరి మాట నా పాఠంలో లేదమ్మా" అన్నారు మేడమ్. "ఇది మీరు చర్చలో రాసి ఉంటే, మిగతా వాళ్ళందరికీ నేను దాన్నే చూపించేదాన్ని."

"అయితే పరీక్షకి..." అంది తను.

"లేదమ్మా. మీరు చదివారని నాకిప్పుడు తెలిసింది. కానీ గడువులన్నీ అయిపోయాయి, దాన్ని తెరిచే అధికారం నాకు లేదు. వచ్చే విడతకి మళ్ళీ నమోదు చేసుకోవాలి." ఆవిడ ఆగి, మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి నాతోనే మాట్లాడుతున్నట్టు అనిపించింది. "క్లాసులో అయితే ముఖాలు చూస్తే తెలుస్తుంది, ఎవరికి అర్థమైందో, ఎవరు దిక్కులు చూస్తున్నారో. ఇక్కడ నాకు ముఖాలుండవు. ఎవరు ఏ పాఠం తెరిచారు, ఎక్కడ ఆగిపోయారు, పరీక్షలో ఏ తప్పు చేశారు, ఇవే నాకు ముఖాలు. ఈ అమ్మాయి మొదటి వారం పరీక్షలో సున్నా తెచ్చుకున్నా నేను ఫోన్ చేసేదాన్ని. ఏమీ లేకపోతే, చేరి మానేసిందనుకున్నాను. చాలామంది అలాగే మానేస్తారు."

నాకు వాదించాలనిపించింది. వీడియో పెట్టి గిన్నెలు తోముకునేవాళ్ళకి గీత పచ్చబడుతుంది, అక్షరం అక్షరం చదివినదానికి ఎర్రగా ఉంటుందా, ఇదేం చదువండీ అని అడగాలనిపించింది. ఆ మాటలో నిజముంది. కానీ అడగలేదు. లైబ్రరీలో పుస్తకం వెనక వేసే తేదీ ముద్ర కూడా చదివినట్టు సాక్ష్యం కాదు. అయినా ముద్ర వేయించుకోకుండా నేను ఏనాడూ పుస్తకం బయటకు తేలేదు. లైబ్రరీ పద్ధతులంటే నాకు అంత గౌరవం. ఇక్కడ మాత్రం పద్ధతి ఏమిటో తెలుసుకోవడానికే ఒప్పుకోలేదు.

ఇంటికి వచ్చే ఆటోలో మేమిద్దరమే. దారంతా కాలవ పక్కనే. చాలా దూరం వచ్చాక తను అడిగింది.

"మెసేజ్‌లు వచ్చేయా అండి అక్కా?"

"వచ్చేయి."

"ఇంగ్లీషులోనా అండి?"

తను నాకు దారి ఇస్తోందని అర్థమైంది. ఇంగ్లీషు కదా, అర్థం కాలేదేమో అని. అవునంటే అక్కడితో అయిపోయేది.

"ఇంగ్లీషులోనే. నాకు అర్థమయ్యాయి."

తను తల ఊపి, పుస్తకాన్ని ఒళ్ళో సర్దుకుంది. తిట్టినా, ఏడ్చినా నాకు కొంచెం తేలిగ్గా ఉండేది. దిగాక ఎప్పటిలాగే నా చేతిలో సంచీ అందుకుంది.

జూన్‌లో ఆరో తరగతి ఇంకొకరికి ఇచ్చారు. తనను ఎల్‌కేజీకి మార్చారు, జీతం కూడా తగ్గింది. హెడ్మాస్టరుగారు ఒకసారి చర్చి దగ్గర కనిపించి, నేను వందనాలు చెబితే, "మీ చెల్లెలు చెప్పేరండి, మీ తోటలో సిగ్నలు అస్సలు అందదంట కదా. పాపం, అంత కష్టపడి చదివి" అన్నారు. నేను ఆయ్ అన్నాను. స్కూల్లో తను నా పేరు ఎత్తలేదు, తప్పంతా కొబ్బరిచెట్ల మీద వేసింది. ఆ రోజు చర్చిలో ఏం పాడారో, అయ్యగారు ఏం చెప్పారో నాకు గుర్తులేదు. అప్పటికప్పుడు ఆయనకు నిజం చెప్పి ఉండాల్సింది. మర్నాడు స్కూలుకి వెళ్ళి చెప్పాను. ఆయన విని, "ఇప్పుడు చెప్పి ఏం లాభమండీ, ఆ క్లాసుకి మనిషిని తీసేసుకున్నాం" అన్నారు. నేను వెళ్ళి చెప్పినట్టు తనకు తెలిసింది. "ఎందుకండీ అక్కా, అంత ఎండలో" అంది, అంతే.

ఆ వారమే మళ్ళీ షాపుకి వెళ్ళి, నేను వద్దన్న సూచనల ఫైలు ప్రింటు తీయించుకున్నాను. చిన్నదే. అన్నీ అందులోనే ఉన్నాయి. వీడియోలు ఎంత చూడాలి, చర్చలో ఎందుకు రాయాలి, గడువు దాటితే ఏమవుతుంది. ఇంత సూటిగా రాసిన కాగితాన్ని నేను ఈమధ్య చదవలేదు. ఇంటికి తెచ్చి తన పుస్తకం మొదటి పేజీ ముందు పెట్టాను. తను అప్పటికే ఫోనుకి కొత్త అద్దం వేయించుకుని, అదంతా అందులో చదివేసుకుంది.

ఈ విడత తన నంబరే ఇచ్చి నమోదు చేసుకుంది. నన్ను అడగలేదు. అడగకపోవడమే సబబు. సాయంత్రం స్కూలు నుంచి వచ్చి, వంటింటి అరుగు మీద ఉప్పు జాడీకి ఫోను ఆనించి పాఠం పెడుతుంది. అక్కడైతే సిగ్నలు నిలకడగా ఉంటుంది. తనకు కంఠతా వచ్చిన పాఠాలే. మేడమ్ ఒక వాక్యం మొదలుపెడితే తను కూర తరుగుతూ పెదవులతో దాన్ని పూర్తి చేస్తుంది. తొందరగా జరపడానికి లేదు, చివరిదాకా నడవాలి. ఒక్కోసారి "ఇదుగో, ఇప్పుడు ఉదాహరణ చెబుతారండి" అని నవ్వుతుంది. నాకు నవ్వు రాదు. ఆ సాయంత్రాలన్నీ నేను తన దగ్గర్నుంచి తీసుకున్నవే.

పోయిన వారం నేను వంటింట్లో కొబ్బరి కోరుతున్నాను. తను పెరట్లో పంపు దగ్గర బట్టలకు సబ్బు పెడుతోంది. పాఠం మధ్యలో ఉన్నట్టుండి ఆగిపోయింది. తెర మీద ఒక ప్రశ్న వచ్చింది, మీరు ఇంకా పాఠం వింటున్నారా అని. కింద అవును అని ఒక బొత్తాం.

"ఆగిపోయిందండి అక్కా!" పెరట్లోంచి కేకేసింది తను. "అప్పుడప్పుడూ అలా అడుగుతుందండి. కొంచెం నొక్కరా?"

చేయి తుడుచుకుని ఫోను తీసుకున్నాను. వేలు బొత్తాం దాకా వెళ్ళింది. తను వింటూనే ఉంది, అది నిజమే. పుస్తకం మొత్తం వచ్చు, అదీ నిజమే. తన బదులు నేను అవునంటే ఎవరికీ ఏమీ కాదు. క్రితం ఏడు కూడా నేను అలాగే అనుకున్నాను.

ఫోను పట్టుకుని పెరట్లోకి వెళ్ళాను.

"నువ్వే నొక్కు" అన్నాను.

"అయ్యో, సబ్బు చేతులండి! మీరే నొక్కేద్దురూ."

"నువ్వే నొక్కాలి."

తను నా ముఖం చూసింది. నవ్వబోయి ఆగింది. మోచేతుల దాకా నురగ. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ముందుకు వంగి, ముక్కు కొసతో బొత్తాం నొక్కింది. మేడమ్ ఆపిన చోటు నుంచి మళ్ళీ మొదలుపెట్టారు.

"వస్తాందా అండి?"

"వస్తాంది."

తను మళ్ళీ బట్టల దగ్గర కూర్చుంది. నేను వంటింట్లోకి పోలేదు. తనకు కనపడేలా ఫోను పట్టుకుని, పాఠం అయిపోయేదాకా పంపు పక్కనే నిలబడ్డాను.